పొట్టి స్కీలా, స్నోషూలా, మైక్రోస్పైక్సా? విశాఖ నుంచి చలికాలం ట్రెక్కుకి వెళ్లేవారికి

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి మంచు అనేది ఒక్కటే మాట. అరకు ఘాట్ రోడ్డులో తెల్లారగట్ల కమ్ముకునేది మంచు, లంబసింగిలో గడ్డి కొనల మీద తెల్లగా పేరుకునేది మంచు, ఫిషింగ్ హార్బరుకి లారీల్లో వచ్చే దిమ్మలు కూడా మంచే. హిమాలయాలకి బయల్దేరేటప్పుడు ఈ ఒక్క మాట సరిపోదు. కాలికి ఏం కట్టుకోవాలన్నది అక్కడి మంచు ఎలాంటిదన్న దాని మీద ఉంటుంది. అందుకే ఎవరైనా "పొట్టి స్కీలు కొనమంటారా?" అని అడిగితే నేను ముందు ఏ దారికి, ఏ నెలలో వెళ్తున్నారో అడుగుతాను.

నా లెక్కలో మంచు నాలుగు రకాలు. రాత్రి కురిసి ఇంకా ఎవరూ తొక్కనిది పిండి మంచు. అడుగు వేస్తే మోకాలి దాకా, ఒక్కోచోట తొడ దాకా దిగిపోతాం. వందలమంది నడిచి సిమెంటు బాటలా గట్టిపడినది తొక్కుడు మంచు. పగలు ఎండకి పైపొర కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి నున్నగా మెరిసేది గాజు మంచు. మధ్యాహ్నం పూట, ముఖ్యంగా మార్చిలో, ఇడ్లీపిండిలా బరువుగా అంటుకునేది తడి మంచు. పొట్టి స్కీ అసలు సుఖం మొదటి రకంలోనే ఉంది. రెండోదానిలో దాని అవసరం లేదు. మూడోదానిలో ప్రమాదం. నాలుగోదానిలో విసుగు, అయితే దానికి మందు ఉంది, కింద చెబుతాను.

మన ఊరి నుంచి చలికాలం ట్రెక్కుకి వెళ్లే చాలామంది మొదట ఎంచుకునేది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా. శిఖరం దాదాపు 3,800 మీటర్లు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ దారి నిండా జనమే. ముందు వెళ్లినవాళ్లు తొక్కేసిన బాట మీదే మనం నడుస్తాం. శిఖరం ఎక్కే ఆఖరి వాలు తెల్లవారుజామున గాజులా ఉంటుంది. అక్కడికి మైక్రోస్పైక్స్, బూట్లోకి మంచు దూరకుండా పిక్కకి చుట్టుకునే గెయిటర్స్ చాలు. బూటుకి రబ్బరు పట్టీతో తగిలించుకునే ఆ చిన్న ఇనుప పళ్లు జత అర కిలో కూడా ఉండవు, జేబుకి పెద్ద బరువు కాదు, ట్రెక్కు నడిపేవాళ్ల దగ్గర తరచుగా అద్దెకి కూడా దొరుకుతాయి. మీ ప్రయాణం అదే అయితే స్కీల ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి.

ఇక మిగిలినదంతా తొక్కని మంచులోకి వెళ్లాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇదేం వస్తువు

పొట్టి స్కీ అంటే 120 నుంచి 150 సెంటీమీటర్ల పొడవు, నడుము దగ్గర పదకొండు సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉన్న పలక. మామూలుగా కొండ మీద నుంచి జారే స్కీలు 160, 180 దాకా ఉంటాయి, వాటి నడుము సన్నం. దీని అడుగున, పాదం కింద భాగంలో, వెంట్రుకల పట్టీ ఒకటి శాశ్వతంగా అతికించి ఉంటుంది. దాన్నే స్కిన్ అంటారు. ఒకప్పుడు సీల్ జంతువు తోలు వాడేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు అంగోరా మేక వెంట్రుకతో చేసిన మోహెయిర్, లేదా నైలాన్, లేదా రెండూ కలిపినది వాడుతున్నారు.

అది పనిచేసే తీరు అర్థం కావాలంటే ఉత్తరేణి కంకి గుర్తుచేసుకోండి. వినాయక చవితి పత్రిలో వేస్తామే, అదే. పైనుంచి కిందికి నిమిరితే చెయ్యి సాఫీగా జారుతుంది, ఎదురు నిమిరితే గుచ్చుకుంటుంది. స్కిన్ వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. కాలు ముందుకి తోస్తే పలక జారుతుంది. వెనక్కి జారబోతే వెంట్రుకలు నిక్కి మంచుని పట్టుకుంటాయి. బూటుని పలకకి పట్టి ఉంచే బిగింపుని బైండింగు అంటారు. మడమ పైకి లేవడానికి వీలుగా అది ముందువైపే బిగించి ఉంటుంది. కాబట్టి ఎక్కేటప్పుడు పాదం ఎత్తి ఎత్తి వెయ్యక్కర్లేదు, ఈడ్చుకుంటూ పోవడమే. దిగేటప్పుడు అదే పట్టీ కొంత బ్రేకులా పనిచేసి వేగం పెరగనివ్వదు.

ఇది కొత్త ఆలోచన కాదు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు ఆల్టాయ్ పర్వతాల్లో జనం ఈనాటికీ చెక్క పలకల అడుగంతా గుర్రం తోలు పరిచి, చేతిలో ఒకే ఒక్క పొడుగాటి కర్ర పట్టుకుని మంచులో తిరుగుతారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక సంస్థ ఆ పర్వతాల పేరే పెట్టుకుని, ఆ పద్ధతిని ఇప్పటి ముడిసరుకులతో 'హోక్' అనే స్కీగా తయారుచేసింది. 125, 145 సెంటీమీటర్ల పొడవుల్లో వస్తుంది. ఫిన్లాండ్‌కి చెందిన ఓఏసీ సంస్థ 'కార్ 147', 'ఎక్స్‌సీడీ జీటీ 160' అనే పేర్లతో ఇలాంటివే చేసింది. పేరులో ఉన్న అంకె పొడవు అన్నమాట. బ్లాక్ డైమండ్ కూడా కొంతకాలం 'గ్లైడ్‌లైట్' పేరుతో ఒకటి అమ్మింది. పాతవి అమ్మేవాళ్ల దగ్గర అది దొరికితే, పట్టీ ఊడకుండా ఉందో లేదో చూసి తీసుకోవచ్చు.

మా ఇంట్లోకి ఇవి సియాటిల్‌లో ఉన్న మా తమ్ముడి ద్వారా వచ్చాయి. సంక్రాంతికి వస్తూ ఒక 125 జత, ఒక 145 జత, వాటితోపాటు రెండు జతల స్నోషూలు, అంటే మంచులో దిగిపోకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, తెచ్చాడు. మా బావమరిది సంచీ విప్పి చూసి, "ఏటి బావా, ఇంత పొట్టిగున్నాయేటి? ఇవి పిల్లలవి కావా?" అన్నాడు. ఆ ఫిబ్రవరిలో ఉత్తరకాశి దగ్గర రైథల్ ఊరి మీదుగా దయారా బుగ్యాల్‌కి నలుగురం వెళ్లాం. ఇద్దరు స్కీల మీద, ఇద్దరు స్నోషూల మీద. రోజు మార్చి రోజు మార్చుకున్నాం. కింద రాసిన పోలికలో ఎక్కువ భాగం ఆ నాలుగు రోజుల నడకలో తెలిసినదే.

స్నోషూ, స్కీ పక్కపక్కన

దయారాని ఎంచుకోవడానికి కారణం ఉంది. బుగ్యాల్ అంటే ఆ కొండల్లో అడవి ఆగిపోయిన ఎత్తు మీద పరుచుకుని ఉండే పచ్చిక మైదానం. వేసవిలో పశువుల మేత నేల. దయారా దాదాపు 3,400 మీటర్ల ఎత్తున మెత్తటి ఎత్తుపల్లాలతో కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. ఆగస్టులో రైథల్ వాళ్లు అక్కడే వెన్న, మజ్జిగ చల్లుకుంటూ హోలీ ఆడతారు. ఫిబ్రవరికి ఆ మైదానమంతా మూడు నాలుగు అడుగుల మంచు కింద ఉంటుంది. నిటారు వాలులు తక్కువ, తెరిపి ఎక్కువ. పొట్టి స్కీకి ఇంతకంటే అనువైన నేల నాకు తెలీదు.

రైథల్ నుంచి అడవిలోంచి ఎక్కే మొదటి రోజు స్నోషూ గెలిచింది. దారి ఇరుకు, చెట్ల వేర్లు, మలుపులు, అక్కడక్కడా మంచు లేని రాళ్లు. స్నోషూ అయితే పాదం కింద ఇనుప పళ్లు ఉంటాయి, మడమ కింద కమ్మీ లేపుకుంటే నిటారు ఎక్కుడులో పిక్క లాగదు, రాయి అడ్డం వస్తే దాటి అడుగు వెయ్యడమే. స్కీ మీద ఉన్నవాళ్లం ప్రతి మలుపులో పలక తిప్పడానికి తంటాలు పడ్డాం. రెండు గంటల తర్వాత విప్పి వీపున కట్టుకున్నాం. బైండింగులతో జత మూడు నాలుగు కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు ఎక్కుడులో తెలుస్తుంది. స్నోషూలు జత రెండు కిలోలే.

అడవి దాటి పచ్చికలోకి అడుగుపెట్టాక లెక్క తిరగబడింది. స్నోషూ మీద ఉన్నవాళ్లు ప్రతి అడుగుకీ కాలు పూర్తిగా ఎత్తాలి, కాళ్లు ఎడంగా పెట్టి నడవాలి. పాదానికి కట్టిన కిలో బరువు వీపు మీద నాలుగైదు కిలోల పెట్టు అని కొండలెక్కేవాళ్లు అంటారు. మధ్యాహ్నానికి ఆ మాట మా తొడలకి తెలిసింది. స్కీ మీద ఉన్నవాళ్లు కాలు ఎత్తడం లేదు, తోస్తున్నారు. సమతలంలో ఒక్కో తోపుకి అర అడుగో, అడుగో ఊరికే ముందుకి పోతుంది. చిన్న దిగుడు వస్తే ఆ జారుడు ఇరవై, ముప్ఫై గజాలు. వేగం ఏమీ భయపెట్టదు, మన బీచ్ రోడ్డు మీద సైకిలు తొక్కకుండా వదిలేస్తే పోయే పోకడ. నలభై దాటాక మొదటిసారి స్కీ ఎక్కిన నేను సాయంత్రానికి ధైర్యంగా దిగాను. మరి స్నోషూకి దిగుడులో ఏ లాభమూ లేదు. ఎక్కినంత కష్టపడే దిగాలి.

పిండి మంచులో తేలే శక్తి సంగతి చెప్పాలి. స్నోషూ వెడల్పు కాబట్టి బాగా తేలుతుంది. పొట్టి స్కీ పొడుగు కాబట్టి బరువు ముందుకీ వెనక్కీ పంచుకుని తేలుతుంది. నా బరువు సంచీతో కలిపి 84 కిలోలు. 125 జత మీద నేను ఒక జానెడు లోతు దిగాను, 145 మీద నాలుగు వేళ్లే. బావమరిది నాకంటే పదిహేను కిలోలు తక్కువ. 125 మీద హాయిగా తిరిగాడు.

ఒక్క మాట మర్యాద గురించి. స్కీ పోయిన జాడలో నడిచేవాళ్లు అడుగు వెయ్యకూడదు. ఆ జాడ పాదం బరువుని ఆపదు, గుంటలు పడి వెనక వచ్చే స్కీకి పనికిరాకుండా పోతుంది. మాతో వచ్చిన ఊరి గైడు గమ్‌బూట్ల మీద, పక్కన తన దారి తానే తొక్కుకుంటూ వచ్చాడు. గుంపులో ఒక్కరే స్కీ మీద, మిగతా అందరూ కాలినడకన ఉంటే నడక వేగం కుదరదు, చలిలో ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వస్తుంది. కొనేటప్పుడు మీ జట్టు సంగతి కూడా చూసుకోండి.

ఎంత వాలు దాకా

ఇది రాసేటప్పుడు నేను చాలా జాగ్రత్తగా ఉంటాను, మీరూ జాగ్రత్తగా చదవండి. పలకలు పలకలుగా విరిగి జారే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద పుడతాయి. ఆ వాలు ఎంతో మనకి కళ్లకి కట్టాలంటే ఇంట్లో మేడ మెట్లు చూడండి, మామూలుగా అవి 30 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటాయి. మంచు కొండ మేడ మెట్లంత ఏటవాలుగా కనిపిస్తే అక్కడ మీ స్కీకి పని లేదు. అడుగున స్కిన్ ఉన్న పొట్టి స్కీకి తగినది అపార్టుమెంటు సెల్లారు ర్యాంపుకి రెట్టింపు వాలు, మహా అయితే ఇంకాస్త. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టుకుని, కర్రని మంచు మీద పడుకోబెట్టి దాని మీద ఫోన్ ఉంచితే డిగ్రీలు తెలుస్తాయి.

మీరు నడిచే చోటు చదునుగా ఉన్నా, పైన నిటారు వాలు వేలాడుతుంటే అది కూడా ప్రమాదమే. పైనుంచి వచ్చేది కిందికి చాలా దూరం వస్తుంది. చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ చలికాలంలో జిల్లాలవారీగా మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు, దారిలోనూ అవి చూసుకోవాలి. మనకి బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో, ఆ కొండలకి మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అలాగ. అది వచ్చి పెద్ద మంచు కురిసి వెళ్లిన మొదటి ఒకటి రెండు రోజులు ఆకాశం నీలంగా, మంచు ముత్యంలా ఉంటుంది. స్కీ మీద వెళ్లాలని మనసు లాగేది అప్పుడే, చరియలు ఎక్కువగా విరిగేదీ అప్పుడే. ఆ రోజులు ఊళ్లోనే ఉండండి. కశ్మీరులోని గుల్మార్గ్‌లో గొండోలా, అంటే తీగల మీద నడిచే రోప్‌వే, ఎక్కి అఫర్వత్ కొండ వాలుల్లో దిగాలనుకునేవాళ్లకి పొట్టి స్కీ తగదు. అది వేరే శిక్షణ, వేరే సామాను. మంచు కింద కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే ట్రాన్సీవరు, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ ప్రోబు, తవ్వడానికి పార ఉండాలి, వాటిని వాడటం తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

ఆ వైపు నిజంగా మనసు ఉంటే ముందు కోర్సు చెయ్యండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరుతో ఉన్న పర్వతారోహణ సంస్థ చలికాలంలో స్కీ నేర్పుతాయి. అది పూర్తయ్యాక మీకు కావాల్సినది ఊడదీసి పెట్టుకునే స్కిన్, మడమ బిగించుకోగల బైండింగు, గట్టి బూట్లతో కూడిన పూర్తి టూరింగ్ సరంజామా. ఖర్చు ఎన్నో రెట్లు, నేర్పు కూడా అన్ని రెట్లు.

స్కీయే అని తేల్చుకున్నాక

పొడవు గురించి నా మాట సూటిగా చెబుతాను. సంచీతో కలిపి మీ బరువు 75 కిలోల లోపు అయితే 125 దరిదాపుల్లోది తీసుకోండి. అది దాటితే 145, 147. పొడుగుది తేలుతుంది, ఎక్కువ దూరం జారుతుంది. పొట్టిది చెట్ల మధ్య తిరుగుతుంది, వీపున కట్టినా తలకి కొట్టుకోదు. అటూ ఇటూ ఊగేవాళ్లు, మొదటిసారి ఎక్కేవాళ్లు పొట్టిదానికే మొగ్గండి. 160 అంటే అప్పటికే కొంత స్కీ వచ్చినవాళ్లది.

బైండింగు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది, పాదం దెబ్బతినేది ఇక్కడే. రెండు దారులున్నాయి. ఒకటి ఏ ట్రెక్కింగు బూటుకైనా పట్టే యూనివర్సల్ బైండింగు. వంగే ప్లాస్టిక్ పలక మీద పాదం పెట్టి, ముందు వేళ్ల మీదుగా, వెనక మడమ చుట్టూ పట్టీలు బిగించడం. రెండోది 75 మిల్లీమీటర్ల త్రీ-పిన్. బూటు మూతి బాతు ముక్కులా ముందుకి సాగి ఉంటుంది, దాని అడుగున ఉన్న మూడు రంధ్రాల్లో బైండింగు మూడు మేకులు కూర్చుంటాయి, పైన కమ్మీ నొక్కుకుంటుంది.

అదుపు విషయంలో త్రీ-పిన్‌కి యూనివర్సల్ సాటి రాదు. కొండకి అడ్డంగా నడిచేటప్పుడు స్కీ అంచు మంచులోకి దిగాలి. యూనివర్సల్ బైండింగులో మెత్తటి బూటు మడమ పక్కకి జారిపోయి, పలక చదునుగా పడుకుంటుంది. మూడో రోజు పొద్దున గాజు మంచు ఉన్న ఒక అడ్డవాలు మీద నేను పది అడుగులు పక్కకి జారాను. కింద పచ్చిక చదునుగా ఉంది కాబట్టి ఏమీ కాలేదు. అప్పుడు స్కీ విప్పి మైక్రోస్పైక్స్ తగిలించుకుని దాటాను. అప్పటి నుంచి ఏది కట్టుకున్నా మైక్రోస్పైక్స్ సంచీ పై జేబులోనే ఉంచుతున్నాను.

అయినా మనవాళ్లకి నేను చెప్పేది యూనివర్సల్ బైండింగే. త్రీ-పిన్ బూట్లు మన దేశంలో అంగట్లో పెట్టుకుని చూసే వీలు దాదాపు లేదు. కొలత చూడకుండా తెప్పించిన బూటు కరిస్తే నాలుగు రోజుల ట్రెక్కు మొదటి రోజే అయిపోతుంది. యూనివర్సల్ అయితే మీరు సింహాచలం మెట్లు ఎక్కి దిగి అలవాటు చేసుకున్న బూటే పనికొస్తుంది. క్యాంపులో, అడవి దారిలో, రాళ్లలో అదే బూటు. అది చీలమండ దాటి పైకి వచ్చేది, అడుగు గట్టిగా ఉన్నది అయి ఉండాలి. పల్చటి నడక షూస్ పనికిరావు.

పట్టీ బిగింపులో ఒక తప్పు అందరం చేస్తాం. కాలు కదులుతోందని వేళ్ల మీది పట్టీ ఇంకో గాటు, ఇంకో గాటు బిగిస్తాం. రక్తం ఆడదు. మా బావమరిదికి మొదటి రోజే బొటనవేలు మొద్దుబారింది. గైడు చూసి, వెంటనే బూటు విప్పించి, తన చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచాడు. "నొప్పి పోయిందంటే తగ్గిందని కాదు సార్, అప్పుడే చూసుకోవాలి" అన్నాడు. ముందు వేళ్ల పట్టీ వదులుగా ఉంచి, మడమ పట్టీ బిగించుకోవాలి. గంటకోసారి వేళ్లు ఆడించి చూసుకోవాలి. లోపల రెండు జతల మేజోళ్లతో బూటు ఇరుకైపోతుంటే ఒక సైజు పెద్దది తీసుకోవడం మేలు.

స్కిన్ ముడిసరుకు దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మోహెయిర్ బాగా జారుతుంది, నైలాన్ బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. చాలా స్కీలకి కలిపినదే వస్తుంది. తడి మంచు మందు ఇక్కడ చెబుతాను. మధ్యాహ్నం ఎండలో పట్టీ తడిసి, నీడలోకి రాగానే ఆ తడి గడ్డకట్టి, దానికి మంచు అంటుకుంటూ పోయి, కాలి కింద రుబ్బురోలంత ముద్ద తయారవుతుంది. గీకినా రెండు నిమిషాల్లో మళ్లీ అంతే. పొద్దున బయల్దేరే ముందు పట్టీ ఆరి ఉన్నప్పుడు, వెంట్రుక వాలిన వైపే స్కిన్ మైనం రుద్దాలి. మైనం లేకపోతే మామూలు తెల్ల కొవ్వొత్తి కూడా ఆ పూటకి పనిచేస్తుంది. తడిసిన స్కీని ఎండలోంచి నీడలోకి తెచ్చే ముందు ఒకసారి బాగా తుడవండి. అన్నింటికంటే మంచిది, పన్నెండు గంటలకల్లా ఆ రోజు నడక ముగించడం.

ఉక్కు అంచులు ఉన్నవే తీసుకోండి. వీటికి బ్రేకు ఉండదు కాబట్టి కాలికి కట్టే తాడు కూడా ఉండాలి. విప్పినప్పుడు వాలు మీద వదిలేస్తే స్కీ ఒంటరిగా లోయలోకి పోతుంది. కర్రలు మామూలు ట్రెక్కింగ్ పోల్సే చాలు, వాటి అడుగున వెడల్పాటి మంచు చక్రాలు మాత్రం బిగించుకోవాలి.

డబ్బు, మోత

విదేశాల్లో ఇవి బైండింగుతో కలిపి మూడు నుంచి ఐదు వందల డాలర్ల మధ్య నడుస్తాయి. ఇక్కడికి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను అదనం. గుల్మార్గ్, ఔలీ, సోలాంగ్‌లో అద్దెకిచ్చేవి ఎక్కువగా కొండ దిగే మామూలు స్కీలు, వాటి గట్టి బూట్లు. వాటితో ట్రెక్కు నడవలేరు. కాబట్టి పొట్టి స్కీ అంటే దాదాపు కొనుక్కోవడమే. ఏడాదికి ఒక్కసారి, నాలుగైదు రోజులు మంచులో ఉండేవారికి స్నోషూలే సరైన కొనుగోలు. మూడేళ్లు వరసగా వెళ్లాలని, అదీ బుగ్యాళ్లలాంటి తెరిపి నేలకి వెళ్లాలని గట్టిగా అనుకున్నాకే స్కీకి డబ్బు పెట్టండి. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న తమ్ముడో మేనకోడలో వస్తుంటే తెమ్మనడం సులువైన దారి. కానీ చాలా విమాన సంస్థలు చెకిన్ సంచీకి మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లే అనుమతిస్తాయి. 125 జత సంచీ కూడా దాన్ని కొంచెం దాటుతుంది. క్రీడా సామగ్రి కింద ఎలా తీసుకుంటారో టిక్కెట్టు కొనేటప్పుడే అడిగించండి.

మన దగ్గర నుంచి ఢిల్లీ దాకా ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. 125 జత కింది బెర్తు అడుగున పట్టింది. 145 జతని గోడ వైపుకి ఏటవాలుగా సర్దాల్సి వచ్చింది. అంచులకి పాత సైకిలు ట్యూబు చుట్టండి, తోటి ప్రయాణికుల సామానుకి గీత పడదు. ఢిల్లీ నుంచి పైకి జీపు టాపు మీద కడితే తాటిపత్రి కప్పి కట్టించుకోవాలి.

బస గురించి ఒక సంగతి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ల మీద రాత్రి గుడారాలు వెయ్యకూడదని ఆదేశించింది. కాబట్టి అడవి అంచున కిందే బస చేసి, పొద్దున పైకి వెళ్లి మధ్యాహ్నానికి దిగాలి. దీనివల్ల స్కీకి ఒక మేలు జరిగింది. బరువు సంచీ కిందే వదిలి, తేలిక సంచీతో పచ్చికలో తిరగొచ్చు. 125 జత నా బరువుకి కూడా అలా అయితే ఫరవాలేదు.

సముద్రం పక్కన దాచుకోవడం

సముద్రం ఒడ్డున ఇంటి గేటు ఎన్నేళ్లకి తుప్పు పడుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్కీ అంచు కూడా అదే ఇనుము. ఏడాదిలో వారం మంచులో ఉండి, మిగతా యాభై ఒక్క వారాలు ఉప్పుగాలిలో ఉంటుంది. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు, పట్టీ జిగురు మెత్తబడుతుంది. తర్వాత అంచుల పొడవునా కుట్టుమిషను నూనె పల్చగా రాయండి, స్కిన్‌కి తగలనివ్వకండి. కొబ్బరినూనె వద్దు, ముక్కిపోయి జిడ్డు కడుతుంది. మోహెయిర్ ఉన్ని లాంటిదే కాబట్టి పురుగు తింటుంది. సంచీలో నాలుగు కలరా ఉండలు వేసి మూతి కట్టండి. రేకుల కప్పు కింద అటక మీద పెట్టకండి, ఏప్రిల్, మే వేడికి ప్లాస్టిక్ పట్టీలు పెళుసెక్కుతాయి. మావి మంచం కింద ఉంటాయి.

ఇసుకలో సాధన చేద్దామని మా జట్టులో ఒకరు అన్నారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద జారి చూద్దామని ఇంకొకరు. రెండూ వద్దు. ఇసుక వెంట్రుకల మొదట్లో చేరి పట్టీని ఒక్క పూటలో అరగదీస్తుంది. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల నాటి భూగర్భ వారసత్వం, వాటి మీద ఒక్క గీత పెట్టే హక్కు కూడా మనకి లేదు. సాధనకి రుషికొండ తీరంలో మెత్తటి ఇసుక మీద చెప్పుల్లేకుండా గంట నడవండి, చీలమండకి బలం వస్తుంది. ఒంటికాలి మీద నిమిషం నిలబడటం రోజూ చెయ్యండి. చలి దుస్తులు ఎన్ని పొరలు కావాలో తేల్చుకోవడానికి జనవరిలో ఒక తెల్లవారుజామున లంబసింగి వెళ్లి రండి.

దసరా వెళ్లాక ఒకసారి సంచీ విప్పి చూడండి. అంచు మీద ఆవగింజంత ఎర్రచుక్క కనిపిస్తే నున్నటి గరుకు కాగితంతో అప్పుడే రుద్దెయ్యండి. బైండింగు మరలు చేత్తో కదిలించి చూసి, కదిలితే బిగించండి. ఆ మరలకి సరిపడే స్క్రూడ్రైవరు, రెండు మరలు అదనంగా, కొంచెం గట్టి టేపు, నాలుగు ప్లాస్టిక్ కట్లు అప్పుడే సంచీలో వేసెయ్యండి, రైథల్‌లో అడిగితే దొరికేవి కావు.